కలం కార్మికుల పెద్దదిక్కు – మానికొండ చలపతిరావు

వార్తాపత్రిక ప్రజాస్వామ్య సౌధానికి మూలస్తంభమని పెద్దలు చెబుతారు. పత్రికాస్వేచ్ఛ లేని దేశంలో ప్రజల కష్టసుఖాలు పాలకుల చెవిని సోకవు. అయితే ఆ స్వేచ్ఛ ఎవరిది? పెట్టుబడి పెట్టి అచ్చుయంత్రం కొన్న యజమానిదా? సంపాదకీయం రాసే సంపాదకునిదా? ఎండనక వాననక తిరిగి వార్త సేకరించే విలేకరిదా? అర్ధరాత్రి దీపం ముందు కూర్చుండి ఆ వార్తను తీర్చిదిద్దే ఉపసంపాదకునిదా? స్వతంత్ర భారతం తొలి అడుగులు వేస్తున్న రోజులలో ఈ ప్రశ్నను సూటిగా ఎత్తినవారిలో అగ్రగణ్యుడు ఒక తెలుగువాడు. జీవనభద్రత లేని పాత్రికేయునికి స్వేచ్ఛ ఉన్నదనుకోవడం భ్రమ అని ఆయన నమ్మారు. నమ్మినదానిని సాధించడానికి దేశంలోని పాత్రికేయులను ఒక్క త్రాటిపైకి తెచ్చారు. ఆయనే మానికొండ చలపతిరావు. పత్రికాలోకం ఆయనను ఆత్మీయంగా ‘ఎం.సి.’ అని పిలుచుకున్నది.

ఇంగ్లీషు పత్రికారంగంలో తెలుగువారు తొలినుండీ సాటిలేని స్థానాన్ని సంపాదించారు. విజయనగరంలో పుట్టిన సి.వై.చింతామణి అలహాబాదులో ‘లీడర్’ పత్రికను నడిపి ఉత్తరాది రాజకీయాలనే ప్రభావితం చేశారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి సంపాదకులు నిర్భీతికి మారుపేరుగా నిలిచారు. చలపతిరావు ఈ పరంపరకు చెందినవారు. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకం చివర ఉత్తరాంధ్ర సీమలో ఆయన జన్మించారు. ఉన్నత విద్యతోపాటు న్యాయశాస్త్రాన్ని కూడ అభ్యసించారు. కాని న్యాయస్థానంలో వాదించడం కంటె ప్రజాకోర్టులో వాదించడమే ఆయన మనసుకు నచ్చింది. మద్రాసు నగరంలో ‘పీపుల్స్ వాయిస్’ పత్రికలో పనిచేసి, వృత్తిలోని మెళకువలు నేర్చుకున్నారు.

1938 సెప్టెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ సంకల్పంతో లక్నో నగరంలో ‘నేషనల్ హెరాల్డ్’ దినపత్రిక వెలువడింది. జాతీయోద్యమ వాణిని వినిపించడం దాని ధ్యేయం. దానికి తొలి సంపాదకుడు చీరాల ప్రాంతానికి చెందిన కోటంరాజు రామారావు. ఆయనకు తోడుగా చలపతిరావు లక్నో చేరుకున్నారు. గోమతీ నది ఒడ్డున, ఉర్దూ కవితా పరిమళాలు గుబాళించే ఆ నగరంలో ఇద్దరు తెలుగువారు ఒక జాతీయ పత్రికకు ప్రాణం పోశారు. పత్రికకు ఆదర్శాలు మెండుగా ఉన్నా ధనబలం లేదు. జీతాలు సకాలంలో అందని నెలలు ఎన్నో గడిచాయి. ఉద్యమం కోసం నడిచే పత్రిక గనుక ఉద్యోగులు ఆ ఇబ్బందులను ఓర్చుకున్నారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం దేశాన్ని కుదిపివేసింది. లక్నో కారాగారంలో సత్యాగ్రహులపై జరిగిన దౌర్జన్యాన్ని ఖండిస్తూ సంపాదకీయం రాసినందుకు రామారావు ఆరు నెలల జైలుశిక్ష అనుభవించారు. ప్రభుత్వ నిర్బంధాలకు తలవంచడం ఇష్టంలేక ఆ ఆగస్టులో పత్రికే మూతపడింది. మూడేండ్లకు పైగా దాని అచ్చుయంత్రాలు మూగవోయాయి. ఆ వ్యవధిలో చలపతిరావు ఢిల్లీలో ‘హిందూస్థాన్ టైమ్స్’ పత్రికకు సహాయ సంపాదకునిగా పనిచేశారు. ఒక పత్రిక మూతపడితే అందులోని వారి బ్రతుకులు ఎట్లా చెల్లాచెదరవుతాయో ఆ సంవత్సరాలలో ఆయన కన్నులారా చూశారు. 1945 నవంబరులో హెరాల్డ్ పునర్జన్మ పొందింది. 1946లో చలపతిరావు దానికి సంపాదకులయ్యారు. ఆనాటినుండి 1978 వరకు, సుమారు ముప్పది రెండేండ్లు, ఆయన ఆ పీఠాన్ని అలంకరించారు. ఒకే పత్రికకు అంతకాలం సంపాదకత్వం వహించినవారు మన దేశంలో అరుదు.

చలపతిరావు సంపాదకీయాలు పాండిత్యానికి, సూటిదనానికి పేరెన్నికగన్నవి. ప్రపంచ చరిత్ర, రాజనీతి, ఇంగ్లీషు సాహిత్యం ఆయనకు కరతలామలకాలు. గంభీర విషయాలను సంపాదకీయాలలో చర్చించే ఆ కలమే ‘మాగ్నస్’ అనే కలంపేరుతో హాస్యవ్యంగ్య రచనలు చేసి పాఠకులను అలరించింది. ఆయన మితభాషి, ఆడంబరాలకు దూరంగా మెలగినవాడు. వివాహం చేసుకోలేదు. పత్రికయే ఆయనకు ఇల్లు, పత్రికలో పనిచేసేవారే కుటుంబం. దేశ ప్రధానితో చనువు ఉన్నా, ఆ చనువును స్వలాభానికి వాడుకున్నవాడన్న మాట ఆయనపై పడలేదు.

ఆనాటి పాత్రికేయుల స్థితిగతులను తెలుసుకుంటే గాని చలపతిరావు చేసిన కృషి విలువ బోధపడదు. పత్రికాధిపతులకు 1939లోనే అఖిల భారత స్థాయిలో ఒక సంఘం ఏర్పడింది. 1940లో సంపాదకుల మహాసభ వెలసింది. కలకత్తాలో 1922నుండి పాత్రికేయుల సంఘం ఉన్నది, మరికొన్ని నగరాలలోను స్థానిక సంఘాలు ఏర్పడ్డాయి. కాని వార్తలు సేకరించి, దిద్ది, తీర్చే సామాన్య పాత్రికేయునికి దేశమంతటా అండగా నిలిచే సంస్థ ఏదీ లేదు. అతనికి నియామకపత్రం ఉండేది కాదు. పని గంటలకు హద్దు లేదు. వారానికొక సెలవు దొరకడం యజమాని దయపై ఆధారపడి ఉండేది. ఈ రోజు కొలువులో ఉన్నవాడు రేపు ఉంటాడన్న హామీ లేదు.

ఇందులో ఒక వింత కూడ ఉన్నది. ఒకే కప్పుక్రింద అక్షరాలు కూర్చే కంపోజిటరు, యంత్రం నడిపే కార్మికుడు కార్మిక చట్టాల రక్షణ పొందేవారు. వారిని అన్యాయంగా తొలగిస్తే విచారణకు మార్గం ఉన్నది. ప్రక్కగదిలో కూర్చుండి ఆ అక్షరాలకు అర్థం కల్పించే ఉపసంపాదకునికి మాత్రం ఆ రక్షణ లేదు. చట్టం దృష్టిలో అతడు కార్మికుడు కాడు. సమాజం అతనిని మేధావి అని గౌరవించింది. ఆ గౌరవం అతని ఇంట పొయ్యి వెలిగించలేదు. యజమాని ఇష్టానికి భిన్నంగా నిజం రాస్తే కొలువు పోతుందన్న భయం అతనిని నీడవలె వెన్నాడేది. ప్రభుత్వం విధించే ఆంక్షలు అందరికీ కనిపిస్తాయి. ఈ భయం మాత్రం ఎవరికీ కనిపించకుండానే కలాన్ని కట్టివేస్తుంది.

ఈ స్థితిని మార్చాలన్న తలంపుతో 1950 అక్టోబరులో వివిధ రాష్ట్రాల పాత్రికేయులు ఢిల్లీలో సమావేశమయ్యారు. భారత శ్రామిక పాత్రికేయుల సమాఖ్య ఆ సమావేశంలో అవతరించింది. చలపతిరావు దానికి తొలి అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఒక ప్రముఖ దినపత్రిక సంపాదకుడు ఇటువంటి బాధ్యత స్వీకరించడం ఆ రోజులలో సామాన్య విషయం కాదు. సంపాదకుడు యజమాని ప్రక్కన కూర్చుండేవాడన్నది లోకవాడుక. చలపతిరావు మాత్రం తన కుర్చీని శ్రామికుల వరుసలో వేసుకున్నారు.

సమాఖ్యకు ఎదురైన మొదటి ఆక్షేపణ బయటినుండి రాలేదు, పాత్రికేయులలోనుండే వచ్చింది. కలం పట్టినవాడు కార్మికసంఘంలో చేరడం వృత్తికి చిన్నతనమని కొందరు భావించారు. పాత్రికేయ వృత్తి ఒక తపస్సు, దానికి గంటల లెక్క, కూలి లెక్క ఏమిటని వారి వాదం. వృత్తి గౌరవానికి, బ్రతుకు భద్రతకు వైరుధ్యం లేదని చలపతిరావు విశ్వసించారు. ఆకలితో ఉన్నవాడు ప్రలోభాలకు లొంగడం సులభం. రేపటి దిగులు లేనివాడే నిర్భయంగా నిజం చెప్పగలడు. కాబట్టి వేతనం కోసం చేసే పోరాటం పత్రికాస్వేచ్ఛ కోసం చేసే పోరాటంలో భాగమే. సమాఖ్య ఏ రాజకీయ పక్షానికీ, ఏ యాజమాన్యానికీ అనుబంధంగా ఉండరాదన్న నియమం కూడ ఈ ఆలోచననుండే పుట్టింది.

సమాఖ్య ఏర్పడిన మరుసటి సంవత్సరమే గడ్డు పరీక్ష వచ్చింది. 1951లో కేంద్ర ప్రభుత్వం అభ్యంతరకర విషయాల ప్రచురణను అరికట్టే పేరుతో ఒక పత్రికా చట్టాన్ని తెచ్చింది. అప్పటి హోంమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టారు. పత్రికలనుండి ధరావతు సొమ్ము కోరే పద్ధతి బ్రిటిషువారి కాలంనాటిది. స్వతంత్ర భారతంలోను అది మరొక రూపంలో కొనసాగడం పాత్రికేయులను బాధించింది. సంపాదకుల మహాసభతోపాటు శ్రామిక పాత్రికేయుల సమాఖ్య కూడ ఈ చట్టాన్ని వ్యతిరేకించింది. నెహ్రూ స్థాపించిన పత్రికకు సంపాదకుడైన చలపతిరావు, నెహ్రూ ప్రభుత్వం తెచ్చిన చట్టాన్ని ప్రతిఘటించే సంస్థకు అధ్యక్షుడు. స్నేహం వేరు, ధర్మం వేరు అని తెలిసినవాడే అటువంటి స్థానంలో నిలువగలడు. కాలపరిమితితో వచ్చిన ఆ చట్టం 1956లో గడువు తీరి ముగిసిపోయింది.

పత్రికల స్థితిగతులను సమగ్రంగా పరిశీలించాలన్న కోరిక నానాటికి బలపడింది. 1952లో ప్రభుత్వం జస్టిస్ జి.ఎస్.రాజాధ్యక్ష అధ్యక్షతన మొదటి ప్రెస్ కమిషన్‌ను నియమించింది. ఆచార్య నరేంద్రదేవ్, డాక్టర్ జాకీర్ హుసేన్, సి.పి.రామస్వామి అయ్యర్, డాక్టర్ వి.కె.ఆర్.వి.రావు వంటి ఉద్దండులు అందులో సభ్యులు. వారి సరసన చలపతిరావు కూడ సభ్యులుగా కూర్చున్నారు. అప్పటికి దేశంలో సుమారు 330 దినపత్రికలు ఉండేవి. అన్నీ కలిపి అచ్చయ్యే ప్రతులు దాదాపు 25 లక్షలు. ఆ పత్రికల యాజమాన్యం, ఆదాయవ్యయాలు, ప్రకటనలు, ఉద్యోగుల జీతభత్యాలు – అన్నింటినీ కమిషన్ కూలంకషంగా పరిశీలించి 1954లో నివేదిక సమర్పించింది.

ఆ నివేదిక భారతీయ పత్రికారంగ చరిత్రలో మైలురాయి. పత్రికల ప్రమాణాలను, స్వేచ్ఛను కాపాడడానికి ఒక ప్రెస్ కౌన్సిల్ ఉండాలని అది సూచించింది. పత్రికల వివరాలను నమోదు చేసే రిజిస్ట్రారు ఉండాలన్నది. పాత్రికేయుల పని పరిస్థితులను చట్టబద్ధం చేయాలని, వారికి న్యాయమైన వేతనం ఉండాలని సిఫారసు చేసింది. ఈ సూచనలలో కొన్ని త్వరలో, కొన్ని ఆలస్యంగా రూపుదాల్చాయి. 1956లో రిజిస్ట్రారు కార్యాలయం ఏర్పడింది. ప్రెస్ కౌన్సిల్ 1966లో ఆవిర్భవించింది. పెద్ద పత్రికల పోటీనుండి చిన్న పత్రికలను రక్షించడానికి పుటల సంఖ్యను బట్టి ధర నిర్ణయించాలన్న సూచన కూడ 1956లో చట్టమయింది. కాని అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు తరువాత కొట్టివేసింది. స్వేచ్ఛను కాపాడబోయి స్వేచ్ఛకే అడ్డు తగలకుండా చూసుకోవడం ఎంత కష్టమో ఈ తీర్పు తెలియజేస్తుంది.

సమాఖ్య కృషికి ఫలం 1955లో చేతికందింది. ఆ సంవత్సరం మొదట పారిశ్రామిక వివాదాల చట్టపు రక్షణ పాత్రికేయులకు లభించింది. డిసెంబరులో శ్రామిక పాత్రికేయుల చట్టం వెలువడింది. సంపాదకుడు మొదలు ఉపసంపాదకుడు, విలేకరి, వ్యంగ్యచిత్రకారుడు, వార్తాఛాయాగ్రాహకుడు, ప్రూఫులు దిద్దేవాడు – అందరూ ఈ చట్టం దృష్టిలో శ్రామిక పాత్రికేయులే. నాలుగు వారాలలో పని 144 గంటలకు మించరాదు. ఏడు రోజులలో ఒక పూర్తి దినం విశ్రాంతి ఇవ్వాలి. సంపాదకుని తొలగించాలంటే ఆరు నెలలు, ఇతర పాత్రికేయులనైతే మూడు నెలలు ముందుగా తెలియజేయాలి. సెలవులు, గ్రాట్యుటీ హక్కులయ్యాయి. వేతనాలను నిర్ణయించడానికి ప్రత్యేక మండలి ఏర్పడే అవకాశం కలిగింది. యజమాని దయగా ఉన్నది ఆనాటినుండి పాత్రికేయుని హక్కు అయింది.

హక్కులు కాగితంపైకి వచ్చినంతనే పోరాటం ముగియదు. 1956లో జస్టిస్ దివాతియా అధ్యక్షతన ఏర్పడిన వేతన మండలి మరుసటి సంవత్సరం తన నిర్ణయాన్ని ప్రకటించింది. పత్రికాధిపతులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వేతనాలను నియంత్రించడం పత్రికాస్వేచ్ఛను హరించడమేనని వారు వాదించారు. 1958లో వెలువడిన తీర్పు చాల విలువైనది. పత్రికాసంస్థలు కూడ సాధారణ కార్మిక చట్టాలకు లోబడవలసినవేనని న్యాయస్థానం చెప్పి, చట్టాన్ని చాలవరకు సమర్థించింది. సంస్థల చెల్లింపు శక్తిని సరిగా లెక్కించలేదన్న కారణంతో వేతన మండలి నిర్ణయాన్ని మాత్రం రద్దు చేసింది. ప్రభుత్వం అదే సంవత్సరం మరొక చట్టం చేసి, వేతన నిర్ణయానికి కొత్త మార్గం ఏర్పరచింది. పత్రికాస్వేచ్ఛ అంటే యజమాని ఆస్తిహక్కు కాదన్న సూత్రం ఈ విధంగా న్యాయపరీక్షలో నెగ్గింది.

మహనీయుల జీవితంలోను వెలుగునీడలు కలిసే ఉంటాయి. 1975 జూన్ 25న దేశంలో ఆత్యయిక పరిస్థితి విధించబడింది. పత్రికలపై సెన్సారు అమలులోకి వచ్చింది. ప్రెస్ కమిషన్ సూచనపై వెలసిన ప్రెస్ కౌన్సిల్‌నే ప్రభుత్వం రద్దు చేసింది. ఒకనాడు హెరాల్డ్ సంస్థ నిర్వహణ బాధ్యత వహించిన ఫిరోజ్ గాంధీ, పార్లమెంటు చర్చలను పత్రికలు నిర్భయంగా ప్రచురించడానికి 1956లో సాధించిన చట్టం కూడ రద్దయింది. పలువురు పాత్రికేయులు కారాగారం పాలయ్యారు. చలపతిరావు సంపాదకుడుగా ఉన్న హెరాల్డ్ మాత్రం ప్రభుత్వ పక్షానే నిలిచింది. 1951లో ప్రభుత్వ శాసనాన్ని ఎదిరించిన సంస్థకు అధ్యక్షుడైనవాని పత్రిక, అంతకంటె కఠినమైన నిర్బంధం వచ్చినప్పుడు ఎదురు తిరుగలేదు. ఒక రాజకీయ పక్షంతో పుట్టుకనుండి ముడిపడిన పత్రికకు ఉండే హద్దు అప్పుడు బయటపడింది. ఆయనను అభిమానించేవారికి సైతం ఇది మింగుడుపడని ఘట్టం. దీనిని దాచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు.

ఈ ఘట్టంనుండి నేర్చుకోదగినది ఒకటున్నది. ఎంత గొప్ప సంపాదకుడైనా ఒక్కని ధైర్యంపైనే పత్రికాస్వేచ్ఛను నిలబెట్టలేము. అందుకు చట్టాలు కావాలి, స్వతంత్ర సంఘాలు కావాలి, మెలకువగా ఉండే పాఠకులు కావాలి. రద్దయిన ఫిరోజ్ గాంధీ చట్టాన్ని 1977లో పార్లమెంటు తిరిగి తెచ్చింది. 1978 చట్టంతో ప్రెస్ కౌన్సిల్ పునర్జీవితమయింది. చలపతిరావు తొలినాళ్లలో వేసిన పునాదులు ఆయన పత్రిక మౌనంగా ఉన్న దినాలను దాటి నిలిచాయి.

1978లో ఆయన హెరాల్డ్ సంపాదకత్వంనుండి విరమించారు. పత్రికా వ్యాసంగంపైన, గాంధీ నెహ్రూల భావాలపైన, గోవింద వల్లభ పంత్ జీవితంపైన ఆయన రచించిన ఇంగ్లీషు గ్రంథాలు ప్రసిద్ధమైనవి. దేశ రాజధానిలో ఆయన ఒంటరిగా, నిరాడంబరంగా శేషజీవితం గడిపారు. 1983 మార్చి 25న ఢిల్లీలో దారిప్రక్కనున్న ఒక టీ దుకాణం వద్ద కుప్పకూలి తుదిశ్వాస విడిచారు. అక్కడ గుమికూడినవారికి ఆయన ఎవరో తెలియదు. ముప్పదేండ్లకు పైగా దేశ రాజకీయాలను వ్యాఖ్యానించిన కలం సామాన్యుల నడుమ, సామాన్యునివలె శాశ్వతంగా ఆగిపోయింది. వేలాది పాత్రికేయులకు ఉద్యోగభద్రత సాధించినవాడు తనకంటూ కూడబెట్టుకున్నది మంచిపేరు మాత్రమే.

తరువాతి కాలంలో సమాఖ్యలో చీలికలు వచ్చాయి, వేర్వేరు సంఘాలు ఏర్పడ్డాయి. 1955నాటి చట్టం స్థానంలోకి 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతి వచ్చింది. అచ్చుపత్రికల ప్రక్కన టెలివిజన్, అంతర్జాలం వెలసి పాత్రికేయ వృత్తి రూపురేఖలే మారిపోయాయి. అయినా చలపతిరావు తరం ఎత్తిన ప్రశ్న పాతబడలేదు. మారుమూల మండలంనుండి వార్త పంపే విలేకరికి నెలజీతం, నియామకపత్రం, ఆపదలో అండ ఉన్నాయా అని అడిగినప్పుడల్లా ఆ ప్రశ్న మళ్లీ మన ముందుకు వస్తుంది.

ప్రతి ఉదయం మన గుమ్మం ముందు పడే పత్రికలో ఎందరో అజ్ఞాత శ్రామికుల రాత్రి శ్రమ దాగి ఉన్నది. వారు నిర్భయంగా ఉన్ననాడే మనకు నిజం తెలుస్తుంది. వారి భద్రతకు, మన తెలుసుకునే హక్కుకు మధ్య ఉన్న బంధాన్ని గుర్తించి, దానికి సంఘబలాన్ని, చట్టబలాన్ని చేకూర్చినవారిలో మానికొండ చలపతిరావు ముందువరుసలో నిలుస్తారు. అందుకే ఆయన జీవితం పాత్రికేయులకే కాక, పత్రిక చదివే ప్రతి పౌరునికీ తెలుసుకోదగినది.